హెచ్‌బీఏ1సీ 6.6, ఫాస్టింగ్ 112, హిమోగ్లోబిన్ 9.1: నాకు షుగర్ ఉన్నట్టా, లేనట్టా?

మిగతావాళ్లకు కూడా ఉపయోగపడుతుందని మీ ప్రశ్నను ముందు నాలుగు ముక్కల్లో చెప్తాను. మీకు 38 ఏళ్లు. కూకట్‌పల్లిలో ఉంటారు, స్కూల్లో పాఠాలు చెబుతారు. అమ్మగారికి షుగర్ ఉంది. తొమ్మిదేళ్ల క్రితం రెండో కాన్పు సమయంలో మీకూ షుగర్ ఎక్కువగా ఉందన్నారు, కాన్పు అయ్యాక మళ్లీ పరీక్ష చేయించుకోలేదు. ఇప్పుడు ఇంటికొచ్చి రక్తం తీసుకెళ్లే హెల్త్ ప్యాకేజీలో ఫాస్టింగ్ 112, టిఫిన్ తిన్న రెండు గంటలకు 168, హెచ్‌బీఏ1సీ (గత రెండు మూడు నెలల సగటు షుగర్ చెప్పే పరీక్ష) 6.6, హిమోగ్లోబిన్ 9.1 వచ్చాయి. అమ్మగారి గ్లూకోమీటర్‌తో ఒకరోజు పొద్దున చూసుకుంటే 129 చూపించింది. ఒక డాక్టరు షుగర్ వచ్చేసింది, మాత్ర మొదలుపెట్టండి అన్నారు. ఇంకొకరు బోర్డర్‌లో ఉంది, తీపి తగ్గిస్తే చాలు అన్నారు. మీరు భయపడి పది రోజులుగా అన్నం మానేశారు. ఇంతకీ షుగర్ ఉన్నట్టా, లేనట్టా అని అడుగుతున్నారు.

నేను క్లినికల్ బయోకెమిస్ట్రీ చదివి, హైదరాబాద్ ల్యాబుల్లోనే ఎన్నో ఏళ్లు పనిచేశాను. మందు రాసేది మీ డాక్టరుగారు. ఆయన చేతికి వెళ్లే నంబరు ఎలా పుడుతుందో, ఎక్కడ దారి తప్పుతుందో చెప్పడం నా పని. సూటిగా చెప్తున్నాను: ఈ కాగితాలతో మీకు మధుమేహం నిర్ధారణ అయిందని అనలేం. లేదని కూడా అనలేం. మిమ్మల్ని భయపెట్టిన ఆ 6.6, మీ హిమోగ్లోబిన్ అంత తక్కువగా ఉన్నప్పుడు, ఉన్న నంబర్లన్నింటిలో ఎక్కువ అనుమానించాల్సినది. మిమ్మల్ని కాస్త ఊరడించిన 112 కూడా అసలు కన్నా తక్కువ చూపి ఉండవచ్చు. విషయం తేల్చగలిగే పరీక్ష మీకింకా ఎవరూ చేయలేదు. అది 75 గ్రాముల గ్లూకోజ్ తాగించి రెండు గంటల తర్వాత రక్తం తీసే పరీక్ష.

ముందు గీతలు ఎక్కడున్నాయో చూద్దాం. పరగడుపున, చేతి సిర నుంచి తీసిన రక్తంలో గ్లూకోజ్ డెసిలీటరుకు 126 మిల్లీగ్రాములు గానీ అంతకు మించి గానీ ఉంటే మధుమేహం. గ్లూకోజ్ తాగిన రెండు గంటలకు 200 గానీ అంతకు మించి గానీ ఉంటే మధుమేహం. హెచ్‌బీఏ1సీ అయితే 6.5 శాతం దగ్గర గీత. ప్రీడయాబెటిస్ అనేది ఈ గీతల కిందున్న మెట్టు: ఫాస్టింగ్ 100 నుంచి 125 వరకు, గ్లూకోజ్ తాగాక 140 నుంచి 199 వరకు, హెచ్‌బీఏ1సీ 5.7 నుంచి 6.4 వరకు. ఇవి అమెరికన్ డయాబెటిస్ అసోసియేషన్ అంకెలు, మన ల్యాబుల్లో చాలావరకు ఇవే అచ్చవుతాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ మాత్రం ఫాస్టింగ్‌లో ప్రీడయాబెటిస్‌ను 110 నుంచి లెక్కపెడుతుంది. అమెరికన్ సంఘం కూడా 2003 వరకు 110 అనే చెప్పి, ఆ ఏడాది 100కు దించింది. అందువల్ల 104 వచ్చిన ఒకే మనిషిని ఒక ల్యాబు రిపోర్టు నార్మల్ అంటుంది, ఇంకో ల్యాబు రిపోర్టు ప్రీడయాబెటిస్ అంటుంది. ల్యాబు తప్పు చేసిందని గొడవపడే ముందు, పక్కన అచ్చు వేసిన పరిధి ఎవరిదో చూడాలి. మీ 112 మాత్రం ఎవరి లెక్కలోనైనా ప్రీడయాబెటిస్ పరిధిలోకే వస్తుంది.

126 అనే అంకె ఎక్కడి నుంచి వచ్చిందో తెలుసుకుంటే రిపోర్టును చూసే తీరే మారుతుంది. 1997కు ముందు ఫాస్టింగ్ గీత 140 దగ్గర ఉండేది. పరిశోధకులు అరిజోనాలోని పీమా తెగవారిలో, ఈజిప్టులో, అమెరికా జాతీయ ఆరోగ్య సర్వేలో పాల్గొన్నవారిలో రక్తంలోని గ్లూకోజ్ కొలిచి, వాళ్ల కంటి రెటీనాను కూడా పరీక్షించారు. రెండింటినీ పక్కపక్కన పెట్టి చూస్తే, ఒక స్థాయి దాటాక రెటీనా దెబ్బతినడం గబగబా పెరుగుతోంది. ఫాస్టింగ్ 140 అనే గీత చాలామందిని వదిలేస్తోందని, గ్లూకోజ్ తాగాక వచ్చే 200కు సరితూగే ఫాస్టింగ్ విలువ 126 దగ్గర ఉందని తేలింది. 1997లో అమెరికన్ సంఘం నియమించిన నిపుణుల కమిటీ గీతను అక్కడికి దించింది. అంటే ఆ గీత కంటిని చూసి గీసినది. 125 దగ్గర ఉన్నవారి శరీరం, 127 దగ్గర ఉన్నవారి శరీరం దాదాపు ఒకే స్థితిలో ఉంటాయి. గుండెకు, రక్తనాళాలకు జరిగే నష్టం ఈ గీత కోసం ఆగదు, ప్రీడయాబెటిస్ పరిధిలోనే మొదలవుతుంది. కాబట్టి బోర్డర్‌లో ఉంది అన్న మాట విని నిశ్చింతగా పడుకోవడం సరికాదు. గీత దాటగానే జీవితం తలకిందులైందని కుంగిపోవడమూ సరికాదు.

ఇక ఒక్క పరీక్షతో తీర్పు ఎందుకు ఇవ్వకూడదో చెప్తాను. రోగి లక్షణాలు లేకుండా మామూలుగా ఉన్నప్పుడు, మధుమేహం అనడానికి రెండు ఫలితాలు గీత దాటాలి. ఒకే రోజు తీసిన రక్తంలో ఫాస్టింగ్, హెచ్‌బీఏ1సీ రెండూ దాటితే నిర్ధారణ అయినట్టే, మూడోది అక్కర్లేదు. ఒకటి దాటి, ఇంకొకటి దాటకపోతే, దాటినదాన్ని మళ్లీ చేయాలి. మళ్లీ దాటితే మధుమేహం. ఒకే మనిషి ఫాస్టింగ్ రోజురోజుకూ కొంత మారుతూనే ఉంటుంది. నిద్ర సరిగా పట్టకపోయినా, జ్వరం వచ్చి తగ్గినా, ఉబ్బసానికో కీళ్లకో స్టెరాయిడ్ వాడుతున్నా పెరుగుతుంది. దీనికి మినహాయింపు ఒక్కటే. విపరీతమైన దాహం, మాటిమాటికీ మూత్రం, కారణం లేకుండా బరువు తగ్గడం వంటి లక్షణాలు ఉండి, ఏ వేళ తీసినా గ్లూకోజ్ 200 గానీ అంతకు మించి గానీ ఉంటే అక్కడికక్కడే నిర్ధారణ. రెండో పరీక్ష కోసం ఆగరు.

మీ విషయంలో దాటింది హెచ్‌బీఏ1సీ ఒక్కటే. నియమం ప్రకారం దాన్నే మళ్లీ చేయాలి. కానీ మీకు నేను అలా చెప్పను, ఎందుకంటే రెండోసారి కూడా అదే కారణంతో అదే తప్పు రావచ్చు.

హెచ్‌బీఏ1సీ కొలిచేది ఎర్ర రక్తకణాల్లోని హిమోగ్లోబిన్‌కు ఎంత గ్లూకోజ్ అతుక్కుందో. ఎర్రకణం దాదాపు 120 రోజులు బతుకుతుంది. అది రక్తంలో తిరిగినన్ని రోజులూ గ్లూకోజ్ కొద్దికొద్దిగా దానికి అంటుకుంటూ పోతుంది. అందువల్ల ఈ అంకె గత రెండు మూడు నెలల సగటును చెబుతుంది, అందులో చివరి నెల వాటా ఎక్కువ. ఈ లెక్కంతా ఒక నమ్మకం మీద నడుస్తుంది: మీ ఎర్రకణాలు అందరి కణాల్లాగే పుట్టి, అందరి కణాల్లాగే పోతున్నాయని. ఐరన్ లోపం వల్ల వచ్చే రక్తహీనతలో ఆ నమ్మకం చెదురుతుంది. కొత్త కణాలు పుట్టడం మందగించి, రక్తంలో పాత కణాల వాటా పెరుగుతుంది. పాత కణానికి ఎక్కువ గ్లూకోజ్ అంటుకుని ఉంటుంది. చక్కెర పెరగకపోయినా హెచ్‌బీఏ1సీ పైకి జరుగుతుంది. ఐరన్ మాత్రలు మొదలుపెట్టాక కొత్త కణాలు ఒక్కసారిగా వచ్చిపడి, అదే అంకె కిందికి జారుతుంది. అప్పుడు షుగర్ తగ్గిపోయిందని సంబరపడేవారిని కూడా చూశాను.

ఇది అరుదైన సంగతి కాదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన దేశంలో 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో 57 శాతం మందికి రక్తహీనత ఉన్నట్టు తేలింది. అంటే మన ఇళ్లలో ఆడవాళ్ల హెచ్‌బీఏ1సీ రిపోర్టు చదివేటప్పుడు పక్కనే ఉన్న హిమోగ్లోబిన్ గడి చూడకుండా ఒక్క అడుగు కూడా ముందుకు వేయకూడదు. రెండు అంకెలూ ఒకే ప్యాకేజీలో, ఒకే పీడీఎఫ్‌లో, రెండు వేర్వేరు పేజీల్లో ఉంటాయి. వాటిని కలిపి చదివేవారు తక్కువ. నాకు బాధ కలిగించే విషయం ఇదే.

ఎర్రకణాలు త్వరగా పగిలిపోయే జబ్బులు ఉంటే దీనికి సరిగ్గా వ్యతిరేకంగా జరుగుతుంది, అంకె తప్పుగా తక్కువ వస్తుంది. ఈమధ్య రక్తం పోయినా, ఎక్కించుకున్నా, గర్భంతో ఉన్నా, కిడ్నీ జబ్బు ముదిరి డయాలసిస్‌లో ఉన్నా హెచ్‌బీఏ1సీని నమ్మి నిర్ధారణ చేయకూడదు. సికిల్ సెల్, తలసీమియా అనే పుట్టుకతో వచ్చే హిమోగ్లోబిన్ లోపాల లక్షణం (ట్రెయిట్) ఉన్నవారిలో కూడా కొన్ని రకాల యంత్రాలు తప్పు చూపుతాయి. ఆదిలాబాద్ వైపు గిరిజన కుటుంబాల నుంచి వచ్చినవారికి సికిల్ సెల్ సంగతి ప్రత్యేకంగా అడగాలి.

హెచ్‌పీఎల్‌సీ యంత్రం (హిమోగ్లోబిన్ రకాలను విడదీసి కొలిచేది) మీద పరీక్ష చేసే ల్యాబు అయితే ప్రతి శాంపిల్‌కూ ఒక గ్రాఫు వస్తుంది. ఎడమవైపు చిన్నచిన్న గుట్టలు, వాటిలో ఒకటి ఏ1సీ, ఆ తర్వాత కాగితం పైదాకా లేచే పెద్ద శిఖరం, అది మామూలు హిమోగ్లోబిన్. ఆ పెద్ద శిఖరం దాటాక ఉండకూడని చోట ఇంకో శిఖరం కనిపిస్తే, వేరే రకం హిమోగ్లోబిన్ ఉందని అనుమానిస్తాం. ఆ గ్రాఫు అన్ని ల్యాబులూ రోగికి ఇవ్వవు. అడిగితే ఇస్తాయి. మీరు అడగండి. దాంతోపాటు పరీక్ష ఏ పద్ధతిలో చేశారో, ఆ పద్ధతికి ఎన్‌జీఎస్‌పీ (హెచ్‌బీఏ1సీ పద్ధతులను ప్రమాణానికి సరిచూసే అమెరికా కార్యక్రమం) ధ్రువీకరణ ఉందో లేదో రిపోర్టు అడుగున చూడండి. నిర్ధారణకు 6.5 గీత వర్తించేది అలాంటి పద్ధతికే. క్లినిక్ బల్ల మీద వేలి రక్తంతో నిమిషాల్లో చేసే చిన్న యంత్రాల ఫలితాన్ని బట్టి మధుమేహం ముద్ర వేయించుకోవద్దు.

ఇంకో చిన్న లెక్క. హెచ్‌బీఏ1సీ 6.6 అంటే రోజంతటి సగటు గ్లూకోజ్ దాదాపు 143 ఉన్నట్టు. మీ పరగడుపు 112, టిఫిన్ తర్వాత 168. రోజంతా కలిపితే సగటు 143 కావచ్చు, ఇంకా తక్కువా కావచ్చు. కాబట్టి ఈ లెక్క 6.6ను బలపరచదు, కొట్టిపారేయదు కూడా.

ఇప్పుడు 112 సంగతి. దీని గురించి సాధారణంగా ఎవరూ అడగరు, అందుకే కొంచెం వివరంగా రాస్తున్నాను.

రక్తం మీ చేతిలోంచి ట్యూబులోకి వచ్చాక కూడా కణాలు బతికే ఉంటాయి, గ్లూకోజ్ తింటూనే ఉంటాయి. గది వేడిమిలో, మామూలు ట్యూబులో, గంటకు సుమారు 5 నుంచి 7 శాతం గ్లూకోజ్ తగ్గిపోతుంది. గంటకు 5 శాతమే అనుకున్నా, నిజంగా 126 ఉన్న రక్తం రెండు గంటల్లో 114 అయిపోతుంది. రిపోర్టు 114 అనే చెబుతుంది. యంత్రం తప్పు చేయలేదు, దాని దగ్గరికి వచ్చినప్పుడు అందులో ఉన్నది అంతే. మధుమేహం గీత దగ్గరున్న మనిషి ప్రీడయాబెటిస్ అనిపించుకుని ఇంటికి వెళ్తారు.

దీన్ని ఆపడానికే గ్లూకోజ్‌కు బూడిదరంగు మూత ఉన్న ట్యూబు వాడతారు. అందులో సోడియం ఫ్లోరైడ్ ఉంటుంది, అది కణాలు గ్లూకోజ్ వాడుకోవడాన్ని ఆపుతుంది. అయితే వెంటనే ఆపదు, పూర్తిగా పనిచేయడానికి గంట నుంచి నాలుగు గంటల దాకా పట్టవచ్చు. ఈలోగా కొంత నష్టం జరిగిపోతుంది. పైగా రక్తం పోశాక ట్యూబును నెమ్మదిగా ఎనిమిది పదిసార్లు తలకిందులుగా తిప్పాలి, లేకపోతే ఆ పొడి రక్తంలో కలవదు. పొద్దున్నే ఆరింటికి మొదలుపెట్టి కూకట్‌పల్లి, నిజాంపేట, మియాపూర్‌లలో ఇల్లిల్లూ తిరిగే కుర్రాడు మీ రక్తం తీసి, ట్యూబు సంచిలో పడేసి, తర్వాతి ఇంటికి పరుగెత్తాడా, లేక చేతిలో పట్టుకుని తిప్పి ఐస్ ప్యాక్ ఉన్న పెట్టెలో పెట్టాడా? మే నెల ఎండలో బండి వెనక పెట్టెలో రెండు గంటలు ఉందా, అరగంటలో ల్యాబుకు చేరిందా? మీ 112 నిజాయితీ అంతా వీటి మీద ఆధారపడి ఉంది. చాలా రిపోర్టుల్లో పైన కుడివైపు శాంపిల్ తీసిన సమయం, ల్యాబుకు అందిన సమయం రెండూ అచ్చయి ఉంటాయి. మీ కాగితం తీసి చూడండి. మధ్యలో గంటకు మించి ఉంటే ఆ 112ను కనీస విలువగానే తీసుకోండి. హెచ్‌బీఏ1సీకి ఈ బాధ లేదు. ఊదారంగు మూత ట్యూబులో తీస్తారు, కొన్ని గంటలు ఆలస్యమైనా చెక్కుచెదరదు. ఆ పరీక్షకు అంత పేరు రావడానికి ఇది ఒక కారణం.

పరగడుపు అంటే కనీసం 8 గంటలు, మంచినీళ్లు తప్ప ఏమీ లేకుండా. రాత్రి పదకొండింటికి భోంచేసి పొద్దున ఆరున్నరకు రక్తం ఇస్తే అది ఫాస్టింగ్ కాదు. చక్కెర లేని టీ అయినా ఫాస్టింగ్‌లోకి రాదు. అలాగని 16 గంటలు కడుపు మాడ్చుకుని వెళ్లడం కూడా మంచిది కాదు. రంజాన్ ఉపవాసాలు ఉండేవారు నిర్ధారణ పరీక్షను ఆ నెల దాటాక పెట్టుకోవడం మేలు.

గ్లూకోమీటర్ 129 చూపించిందన్నారు. దాన్ని పక్కన పెట్టండి. అంతర్జాతీయ ప్రమాణం ప్రకారమే మంచి మీటరుకు కూడా 100కు పైన ఉన్న విలువల్లో 15 శాతం అటూ ఇటూ తేడా అనుమతి ఉంది. అంటే అసలు విలువ 113 అయినా, 145 అయినా ఆ మీటరు తన హద్దులోనే ఉన్నట్టు. షుగర్ ఉన్నవారు రోజూ చూసుకోవడానికి అది ఎంతో మంచి సాధనం, అమ్మగారి దగ్గర తప్పక ఉండాల్సినదే. షుగర్ ఉందా లేదా తేల్చడానికి పనికిరాదు.

టిఫిన్ తర్వాత 168 సంగతి కూడా అలాంటిదే. మన ల్యాబు కాగితాల మీద పోస్ట్ లంచ్ అని ఉంటుంది, చాలామంది ఇడ్లీ తిని వస్తారు. ఒకరు రెండు ఇడ్లీలు తింటారు, ఇంకొకరు ఉప్మా పెసరట్టు తిని పైన టీ తాగుతారు. ఎవరు ఎంత తిన్నారో కొలత లేదు కాబట్టి దానికి నిర్ధారణ గీత కూడా లేదు. చికిత్సలో ఉన్నవారికి మందు సరిపోతుందో లేదో చూడటానికి ఇది పనికొస్తుంది. మీకు ఇది ఇచ్చేది ఒక సూచన మాత్రమే: తిన్నాక పెరిగిన చక్కెరను దించడం మీ శరీరానికి కష్టమవుతోంది. ఆ సూచనను వదిలేయకూడదు. దాన్ని కొలత ఉన్న పరీక్షతో తేల్చాలి.

ఆ పరీక్ష 75 గ్రాములది. మనవాళ్లలో దీని అవసరం ఎందుకు ఎక్కువో చెప్తాను. పరగడుపు చక్కెర రాత్రంతా కాలేయం ఎంత గ్లూకోజ్ విడుదల చేస్తోందో చెబుతుంది. తిన్నాక చక్కెర దిగడం మాత్రం ఎక్కువగా కండరాలు ఎంత తీసుకోగలవు, క్లోమం ఎంత త్వరగా ఇన్సులిన్ ఇవ్వగలదు అన్నదాని మీద ఉంటుంది. కండ తక్కువ, పొట్ట చుట్టూ కొవ్వు ఎక్కువ ఉండే మన శరీరాల్లో రెండో భాగం ముందుగా దెబ్బతినడం తరచూ కనిపిస్తుంది. ఫాస్టింగ్ 100 లోపు ఉండి, గ్లూకోజ్ తాగాక 200 దాటినవారిని ల్యాబులో చాలామందిని చూశాను. ఫాస్టింగ్ ఒక్కటే చేస్తే వాళ్లంతా నార్మల్ అనే ముద్రతో వెళ్లిపోయేవారు.

చేసే తీరు ఇది. పరీక్షకు ముందు కనీసం మూడు రోజులు మామూలుగా తినాలి, రోజుకు 150 గ్రాములకు తగ్గకుండా పిండిపదార్థం ఉండాలి. అంటే మూడు పూటలా మన ఇంట్లో తినే అన్నం, చపాతీ, ఇడ్లీ మామూలుగా తినాలి. ఇది మీకు మరీ ముఖ్యం. మీరు పది రోజులుగా అన్నం మానేశారు. ఆ స్థితిలో ఒక్కసారిగా 75 గ్రాముల గ్లూకోజ్ తాగితే శరీరం దానికి సిద్ధంగా ఉండదు, ఫలితం ఉన్నదానికన్నా ఎక్కువ వస్తుంది, లేని షుగర్ ఉందని తేలుతుంది. కాబట్టి ఈరోజే అన్నం మొదలుపెట్టండి. పరీక్ష అయ్యాక తిండి ఎలా మార్చుకోవాలో ఆలోచించవచ్చు.

పరీక్ష రోజు పొద్దున పరగడుపున మొదటి రక్తం తీస్తారు. తర్వాత 75 గ్రాముల గ్లూకోజ్‌ను 250 నుంచి 300 మిల్లీలీటర్ల నీళ్లలో కలిపి ఇస్తారు, 5 నిమిషాల్లో తాగేయాలి. గడియారం మొదటి గుక్కతో మొదలవుతుంది, చివరి గుక్కతో కాదు. ఆ రెండు గంటలూ అక్కడే కూర్చోవాలి. బజారుకు వెళ్లి రావడం, మెట్లు ఎక్కడం, సిగరెట్, టీ ఏవీ కూడదు. నడిస్తే కండరాలు గ్లూకోజ్ తీసుకుని ఫలితం తగ్గిపోతుంది. వాంతి అయితే ఆ రోజుకు పరీక్ష చెల్లదు. ల్యాబు వారు కొట్లో కొన్న గ్లూకోజ్ పొడి డబ్బా తీసి చెంచాలతో కొలుస్తుంటే, తూకం వేసిన 75 గ్రాముల ప్యాకెట్ ఉందా అని అడగండి. నీటి అణువుతో ఉండే రకం గ్లూకోజ్ అయితే 82.5 గ్రాములు తీసుకుంటేనే 75కు సమానం. వీలైతే గంటకు కూడా ఒక శాంపిల్ తీయమనండి. గంట దగ్గర 155 దాటితే ప్రీడయాబెటిస్‌గా, 209 దాటితే మధుమేహంగా భావించాలని అంతర్జాతీయ డయాబెటిస్ సమాఖ్య 2024లో సూచించింది. మన దగ్గర ఇంకా విస్తృతంగా వాడుకలోకి రాలేదు, అయినా ముందస్తు హెచ్చరికగా ఆ అంకె ఉపయోగపడుతుంది.

మీ ఉత్తరంలో ఒక వాక్యంలో దాటేసిన విషయం నాకు అన్నింటికన్నా పెద్దదిగా కనిపించింది. అది తొమ్మిదేళ్ల క్రితం కాన్పు సమయంలో వచ్చిన షుగర్. మన ప్రభుత్వ ఆసుపత్రుల్లో గర్భిణులకు, తిన్నా తినకపోయినా, 75 గ్రాముల గ్లూకోజ్ తాగించి రెండు గంటలకు చూస్తారు. 140 దాటితే గర్భకాల మధుమేహం అంటారు. కాన్పుతో అది చాలామందిలో తగ్గిపోతుంది. కానీ అలా వచ్చిన స్త్రీలకు తర్వాతి జీవితంలో మధుమేహం వచ్చే అవకాశం, రానివారితో పోలిస్తే ఏడు నుంచి పది రెట్లు ఎక్కువని పెద్ద పరిశోధనలు చెబుతున్నాయి. కాన్పు అయిన ఆరు వారాలకు ఒకసారి 75 గ్రాముల పరీక్ష, ఆ తర్వాత జీవితాంతం క్రమం తప్పకుండా పరీక్షలు ఉండాలి. పసిబిడ్డతో ఉన్న తల్లికి ఆ మాట గట్టిగా చెప్పి, తేదీ రాసి పంపాల్సిన బాధ్యత మా వృత్తిది. మీ స్నేహితుల్లో, అక్కచెల్లెళ్లలో కాన్పు సమయంలో షుగర్ వచ్చినవారు ఎవరైనా ఉంటే ఈ పేరా చూపించండి.

ఫలితాలు వచ్చాక ఎలా చదవాలంటే: ఫాస్టింగ్ 126 దాటి, రెండు గంటలది 200 దాటితే నిర్ధారణ అయినట్టే. రెండింటిలో ఒక్కటే దాటితే దాన్ని ఇంకో రోజు మళ్లీ చేయించండి. రెండూ ప్రీడయాబెటిస్ పరిధిలో ఉంటే, దేశంలో మీలాంటివారు ఎందరో ఉన్నారు. 2023లో వెలువడిన ఐసీఎంఆర్-ఇండియాబ్ అధ్యయనం మన దేశంలో మధుమేహం ఉన్నవారు 10.1 కోట్లని, ప్రీడయాబెటిస్ ఉన్నవారు 13.6 కోట్లని అంచనా వేసింది. వాళ్లందరికీ షుగర్ వచ్చి తీరుతుందని లేదు. చెన్నైలో జరిగిన భారత మధుమేహ నివారణ పరిశోధన 2006లో వెలువడింది. గ్లూకోజ్ తాగాక ప్రీడయాబెటిస్ పరిధిలో ఉన్నవారిలో, తిండి, నడక మార్చుకున్నవారికి మధుమేహం వచ్చే ముప్పు 28.5 శాతం తగ్గింది. మెట్‌ఫార్మిన్ మాత్ర ఇచ్చినవారిలో తగ్గింది 26.4 శాతం. కాబట్టి మాత్ర రాసిన డాక్టరుగారు తప్పు చేశారని నేను అనను. గర్భకాల మధుమేహం వచ్చిన స్త్రీలలో ప్రీడయాబెటిస్‌కు కూడా ఆ మాత్ర ఆలోచించదగినదే. అయితే అది ఎందుకు వేసుకుంటున్నారో, మధుమేహానికా, దాన్ని ఆపడానికా, మీకు తెలిసి ఉండాలి. ఆ తేడా మీ బీమా కాగితాల్లో, మీ మనసులో, తర్వాతి ఇరవై ఏళ్ల పరీక్షల్లో ఉంటుంది. మాత్ర ఇప్పటికే మొదలుపెట్టి ఉంటే సొంతంగా ఆపకండి. పరీక్ష సంగతి డాక్టరుగారికి చెప్పి, ఎప్పుడు చేయించాలో ఆయన్నే అడగండి.

మధ్యలో ఒక హెచ్చరిక, మీకు కాదు, ఇది చదివే తల్లిదండ్రులకు. పిల్లల్లో విపరీతమైన దాహం, మానేసిన పక్క తడపడం మళ్లీ మొదలవడం, బరువు తగ్గడం, వాంతులు, ఆయాసం కనిపిస్తే పరగడుపు పరీక్ష కోసం రేపటిదాకా ఆగకండి, హెచ్‌బీఏ1సీ అడగకండి. వెంటనే వేలి రక్తంతో చూపించి, ఎక్కువ ఉంటే నిలోఫర్ లాంటి పిల్లల ఆసుపత్రికి అదే గంటలో వెళ్లండి. టైప్ 1 మధుమేహంలో ఒక్క రాత్రి ఆలస్యం కూడా ప్రాణం మీదకు తెస్తుంది.

ఇక మీరు చేయాల్సినవి. ఈరోజు నుంచి మామూలు భోజనం. నాలుగైదు రోజుల తర్వాత, ఇంటికి మనిషిని పిలిపించకుండా, శాంపిల్ తీసిన చోటే పరీక్ష చేసే ల్యాబుకు పరగడుపున వెళ్లి 75 గ్రాముల పరీక్ష చేయించుకోండి. అదే రోజు మొదటి సూదితోనే పూర్తి రక్త పరీక్ష, ఫెరిటిన్ (ఒంట్లో ఐరన్ నిల్వ చెప్పే పరీక్ష) కూడా తీయించండి. ఫెరిటిన్ తక్కువైతే ఐరన్ లోపమే. ఫెరిటిన్ బాగుండి ఎంసీవీ (ఎర్రకణం సగటు పరిమాణం) బాగా తక్కువ ఉంటే తలసీమియా లక్షణం (ట్రెయిట్) ఉందేమో హిమోగ్లోబిన్ ఎలక్ట్రోఫోరెసిస్‌తో చూడాల్సి ఉంటుంది. అసలు 9.1 అంటే చిన్న విషయం కాదు. షుగర్ భయంలో దాన్ని మరచిపోకండి, నెలసరి ఎక్కువగా అవుతోందా అన్నది డాక్టరుగారికి చెప్పండి. ఖర్చు ఇబ్బంది అయితే దగ్గర్లోని బస్తీ దవాఖానాలో అడగండి, తెలంగాణ డయాగ్నొస్టిక్స్ ద్వారా రక్త పరీక్షలు ఉచితంగా చేస్తారు. గ్లూకోజ్ తాగించే పరీక్ష అక్కడ వీలవుతుందా అని ముందే కనుక్కోండి. హెచ్‌బీఏ1సీని ఐరన్ చికిత్స పూర్తయి, హిమోగ్లోబిన్ కుదుటపడ్డాక, ఇంకో మూడు నెలలు ఆగి చేయించుకోండి. అప్పటినుంచి అది మీకు నమ్మదగిన కొలత అవుతుంది.

రిపోర్టు చేతికొచ్చాక నంబర్లతో పాటు శాంపిల్ తీసిన సమయం, ల్యాబుకు అందిన సమయం, ఫెరిటిన్, ఎంసీవీ కూడా ఇక్కడే రాయండి. కలిపి చదివి చెప్తాను.